సర్వర్‌కు బొమ్మల స్క్రీన్ పెట్టించి 5300 పోగొట్టుకున్నా, మీరు జాగ్రత్త

మన నల్లగొండలో పాత సర్వర్లు తెచ్చి అమ్మే ఆయన తెలుసు కదా. పేరు రాస్తే గొడవ, రాయను. నిరుడు ఆయన దగ్గరే మా ఫోటో, వీడియో స్టూడియో కోసం ఒక టవర్ సర్వర్ కొన్నా. డెబియన్ (లినక్స్‌లో ఒక రకం), సాంబా షేర్ (సర్వర్ ఫోల్డర్లు నెట్‌వర్క్‌లో మిగతా సిస్టమ్‌లకు కనబడేలా చేసేది), రెండు పెద్ద డిస్కులు. మానిటర్ తగిలిస్తే నల్ల తెర మీద లాగిన్ అనే ఒక్క మాట, అంతే. పది నెలలు ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగనిదాన్ని డబ్బులిచ్చి ఆపించుకున్న ఘనత నాదే.

నాకు ఆ నల్ల తెరంటే భయం. మౌస్‌తో నడిచే స్క్రీన్ పెట్టమన్నా. 3500 అన్నాడు. వచ్చి ఒక్క లైన్ కొట్టాడు, నా నెట్‌లోనే వందల ప్యాకేజీలు దిగాయి, ఛాయ్ తాగి పోయాడు. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ స్క్రీన్ వచ్చింది. చూడ్డానికి బాగుంది కూడా. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితమని తర్వాత తెలిసింది, సరే, పని తెలిసినాయన కూలీ అనుకున్నా. నా కోపం దాని మీద కాదు.

మర్నాడు పొద్దున షేర్ కనబడలేదు. సర్వర్ పవర్ బటన్ నొక్కితే లేచింది. మధ్యాహ్నం మళ్లీ అదే. ఫోన్ చేస్తే "ర్యామ్ తక్కువున్నది అన్నా, గ్నోమ్‌కు 4 జీబీ యాడ సరిపోతది" అన్నాడు. ఇంకో 4 జీబీ ముక్క, 1800. వేయించా. నమ్మకం అట్లాంటిది.

ఆ వారమే చెర్వుగట్టు దగ్గర ఒక పెళ్లి. రాత్రి కెమెరా కార్డులన్నీ సర్వర్‌లోకి కాపీకి పెట్టి ఇంటికి పోయా. సర్వర్ మధ్యలో ఆగిపోయింది. పొద్దున మా దగ్గర పనిచేసే పిల్లగాడు ఎర్రర్ బాక్స్ మూసేసి, కాపీ అయిపోయిందనుకుని కార్డులు ఫార్మాట్ కొట్టి ఇంకో ఫంక్షన్‌కు తీసుకుపోయాడు. వాడిని ఏమనాలి? చూసుకోవాల్సింది నేను. తలంబ్రాల దాకా ఉంది. అప్పగింతల వీడియో ఒక్క నిమిషం కూడా లేదు.

షాపుకు పోయా. నలుగురు కస్టమర్లున్నారు. విషయం చెప్పానో లేదో, ఆయన గొంతు లేపాడు. "బొమ్మ గావాలంటివి, బొమ్మ పెట్టిన. గ్నోమ్ ఏస్తే మిషన్ పండుకుంటది, అది అందరికీ ఎర్కే. ఫోటోలు దీసుకునేటోళ్లకు లినక్స్ ఎందుకే, విండోస్ ఏస్కో పో!"

విండోస్ వద్దు, లినక్స్ అయితే లైసెన్స్ ఖర్చుండదని నాకు అంటగట్టింది ఆ నోరే. అదీ వదిలేయండి. పండుకుంటుందని అందరికీ ఎర్కేనట! అంటే ఆయనకూ ఎర్కే. మరి ర్యామ్ ఎందుకు అమ్మినవ్ అని అడిగా. సమాధానం లేదు. ఫోన్ తీసి చూసుకుంటూ కూర్చున్నాడు, నేను అక్కడ లేనట్టే. పక్కన ఒకాయన నవ్వాడు. 1800 కంటే ఆ నవ్వు ఎక్కువ మండింది. బిల్లు చూపిద్దామంటే నా దగ్గరున్నది పెన్నుతో రాసిన చిట్టీ. దాని మీద షాపు పేరు కూడా లేదు. నా తెలివి!

మా అక్క కొడుకు మహాత్మాగాంధీ యూనివర్సిటీలో చదువుతాడు. సాయంత్రం వాడొచ్చి చూశాడు. గ్నోమ్ లాగిన్ స్క్రీన్ దగ్గర పావుగంటో ఇరవై నిమిషాలో కీబోర్డు, మౌస్ ఎవరూ ముట్టకపోతే మిషన్‌ను సస్పెండ్ చేస్తుందట, అంటే నిద్రపుచ్చుతుంది. వెనక నెట్‌వర్క్‌లో కాపీ నడుస్తున్నా దానికి పట్టదు. సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ అని కొట్టి, వెనక స్లీప్, సస్పెండ్, హైబర్నేట్, హైబ్రిడ్-స్లీప్ టార్గెట్లు నాలుగూ రాశాడు. ఒక్క లైన్, ఇక మిషన్ నిద్రపోదు. ర్యామ్‌కూ దీనికీ సంబంధమే లేదు.

తర్వాత వాడడిగిన మాటకు నా దగ్గర జవాబు లేదు. "మామా, నీ ఎడిటింగ్ సిస్టమ్‌లో సర్వర్ ఫోల్డర్లన్నీ కనబడుతనే ఉన్నయి గదా. మల్ల దీనికి స్క్రీన్ ఎందుకు పెట్టిచ్చినవ్?"

నిజమే. పది నెలలుగా కనబడుతూనే ఉన్నాయి.

ఇప్పుడు డిఫాల్ట్‌ను మళ్లీ మల్టీ-యూజర్ టార్గెట్‌కు, అంటే బొమ్మల స్క్రీన్ లేకుండా లేచే పద్ధతికి మార్చాడు, నల్ల తెర తిరిగొచ్చింది. డిస్కులో ఎంత ఖాళీ ఉందో చూడ్డానికి కాక్‌పిట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాడు, నా సిస్టమ్ బ్రౌజర్‌లోనే 9090 పోర్టు మీద తెరుచుకుంటుంది. ఉచితం.

సర్వర్‌కు డెస్క్‌టాప్ పెట్టించుకునేవాళ్లు ముందు స్లీప్ ఆపించండి, గ్నోమ్ బదులు ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలికది అడగండి, పేరున్న బిల్లు తీసుకోండి. కాపీ సరిపోయిందో లేదో చూడకుండా కార్డు ఫార్మాట్ చేయొద్దు, ఇది నాకు నేనే చెప్పుకుంటున్నా.

4 జీబీ ర్యామ్ ఒకటి ఖాళీగా ఉంది, డీడీఆర్3. ఎవరికైనా కావాలంటే చెప్పండి. 1800కి కాదులెండి.