స్టాండింగ్ డెస్క్ కొనే ముందు కూర్చుని కొలుచుకోండి

మా ఇంట్లో రెండు ఎలక్ట్రిక్ స్టాండింగ్ డెస్కులున్నాయి, అంటే కూర్చునీ నిలబడీ పనిచేసుకునేలా మోటార్‌తో ఎత్తు మారే బల్లలు. ఒకటి కొని మూడున్నరేళ్లయింది, రెండోదానికి ఇరవై నెలలు. రెండూ మధ్యరకానివే. మరీ చౌకవీ కావు, పెద్ద ఆఫీసుల్లో వేసే ఖరీదైనవీ కావు. మొదటిది నా కోసం కొన్నాను, రెండోది మావారి కోసం కొన్నాం. కొన్న నెలలోపే ఆయనది నేను, నాది ఆయన తీసుకున్నాం. అలా ఎందుకు మార్చుకోవాల్సి వచ్చిందో చెబితే ఈ సమీక్షలో సగం అయిపోయినట్టే.

నా ఎత్తు 158 సెంటీమీటర్లు, ఆయనది 180. మొదటి డెస్క్ కొన్నప్పుడు నేను చూసిందల్లా ఎంత పైకి లేస్తుందని. నిలబడటానికే కదా కొంటున్నది! 118 సెంటీమీటర్ల దాకా లేస్తుందని రాసి ఉంటే సంబరపడిపోయాను. నిలబడి మోచేతులు మడిచి కొలుచుకుంటే నాకు కావాల్సింది 98 మాత్రమే. పైన ఉన్న ఆ 20 సెంటీమీటర్లు నాకు ఒక్కరోజు కూడా పనికిరాలేదు. ఎంత కిందికి దిగుతుందన్నది మాత్రం చూడలేదు. 71 అని రాసి ఉంది. ఆ 71 కూడా కాళ్ల ఎత్తే. దాని మీద రెండున్నర సెంటీమీటర్ల పలక వేస్తే 73.5. కూర్చుని మోచేతులు ఆనించుకోవడానికి నాకు కావాల్సింది 63 చిల్లర. అంటే బల్ల నాకు పది సెంటీమీటర్లు ఎక్కువ. కుర్చీ పైకి లేపితే కాళ్లు నేలకు అందవు. కాళ్ల కింద పీట వేసుకున్నాను. భుజాలు ఎగబట్టి టైప్ చేసీ చేసీ సాయంత్రానికి మెడ పట్టేసేది. నడుంనొప్పి తగ్గుతుందని కొన్న బల్ల మెడనొప్పి తెచ్చిపెట్టింది.

ఇందుకు కారణం కాళ్ల నిర్మాణంలోనే ఉంది. మొదటి డెస్క్ కాళ్లలో ఒక గొట్టంలో ఇంకో గొట్టం, అంటే రెండే అంచెలు. రెండోదాంట్లో మూడు గొట్టాలు ఒకదాంట్లో ఒకటి ఇమిడి ఉంటాయి. అందుకే అది 60 దాకా ముడుచుకుని 125 దాకా సాగుతుంది. ఈఎన్ 527 అనే యూరప్ ప్రమాణం కూర్చునీ నిలబడీ వాడే బల్ల కనీసం 65 నుంచి 125 సెంటీమీటర్ల దాకా కదలాలంటుంది. అది పలకతో కలిపి కొలిచే ఎత్తు. ఆ లెక్కన నా మొదటి డెస్క్ రెండు వైపులా తప్పింది, కింది వైపు మరీను. పొట్టివాళ్లు కొనాలనుకుంటే మిగతా గొప్పలన్నీ పక్కనపెట్టి ముందు ఆ కింది అంకె చూడండి, అది పలకతో కలిపి ఇచ్చారా, విడిగా ఇచ్చారా అని అడగండి.

అలా మూడంచెల డెస్క్ నాకు వచ్చింది, రెండంచెలది ఆయనకు వెళ్లింది. ఆయన కుర్చీ కాస్త ఎత్తుకుంటే 73.5 సరిపోతుంది. ఆయన చిక్కు పైన వచ్చింది. నిలబడితే ఆయనకు 113 కావాలి. ఆ ఎత్తులో లోపలి గొట్టం దాదాపు చివరిదాకా బయటికి వచ్చేస్తుంది, బల్ల ముందుకీ వెనక్కీ ఊగుతుంది. నేను 98లో వాడినన్నాళ్లూ ఇది ఊగుతుందనే అనుకోలేదు. అదే బల్ల, మనిషి మారేసరికి వేరే బల్ల అయిపోయింది. అందుకే ఎవరైనా "మాది అస్సలు కదలదు" అని రాస్తే వాళ్ల ఎత్తెంతో కూడా రాస్తే బాగుండుననిపిస్తుంది. ఆయన కోసం మళ్లీ రెండో డెస్క్‌ను 113కి లేపి చూశాం. అదీ ఊగింది, కాకపోతే తక్కువ. దాని ఫ్రేమ్ పది కిలోలు ఎక్కువ బరువు, కింది పాదాలు వెడల్పు. మానిటర్‌ను స్టాండు తీసేసి ఆర్మ్‌కి, అంటే బల్ల అంచుకు బిగించే పొడవాటి ఇనుప చేతికి, తగిలిస్తే మాత్రం రెండింటిలోనూ ఊపు రెట్టింపైనట్టు కనిపిస్తుంది. టైప్ చేస్తుంటే స్క్రీన్ తల ఆడిస్తూ ఉంటుంది.

ఇక మోటార్ల సంగతి. మొదటిదానికి ఒకే మోటార్. అది ఒక కాలి దగ్గర ఉంటుంది, పలక కింద అడ్డంగా పోయే ఆరు కోణాల ఇనుప కడ్డీ రెండో కాలిని తిప్పుతుంది. రెండోదానికి కాలికొక మోటార్. కొనేటప్పుడు వేగం గురించి చాలా ఆలోచించాను. ఒకటి సెకనుకు 25 మిల్లీమీటర్లు, ఇంకొకటి 35. తీరా వాచీ పెట్టి చూస్తే, నాకు రెండింటిలోనూ కూర్చునే ఎత్తు నుంచి నిలబడే ఎత్తుకు పది సెకన్లే! రెండోది వేగంగానే లేస్తుంది, కానీ అది మరీ కింది నుంచి లేవాలి కదా. వేగం చూసి డబ్బు ఎక్కువ పెట్టకండి. శబ్దంలో మాత్రం తేడా నిజం. మొదటిది గుర్రుమంటుంది. ఒకసారి మీటింగ్‌లో మైకు ఆఫ్ చేయకుండా లేపితే అవతలివాళ్లు మిక్సీ ఆపమన్నారు.

నేను తేలిగ్గా తీసుకున్నది, చివరికి అన్నిటికంటే పనికొచ్చింది మెమరీ బటన్. మొదటిదానికి పైకి, కిందికి అని రెండు బటన్లే. నొక్కి పట్టుకుని నిలబడాలి, సరిగ్గా ఆ ఎత్తులో వదలాలి, కాస్త దాటితే మళ్లీ దించాలి. పది సెకన్ల పనే. అయినా చేతిలో పని ఉన్నప్పుడు ఎవరు చేస్తారు? మొదటి నెలలో రోజుకు నాలుగుసార్లు లేచాను, మూడో నెలకి వారానికి రెండుసార్లు. ఆ తర్వాత అది మామూలు బల్లే. రెండోదాంట్లో ఒక్కసారి నొక్కితే 63, ఇంకోసారి నొక్కితే 98. ఫోన్ మోగితే చాలు, చెయ్యి దానంతటదే బటన్ మీదికి పోతుంది. ఫోన్లన్నీ నిలబడే మాట్లాడతాను, రాసే పని కూర్చునే చేస్తాను.

ఒళ్లు తగ్గుతుందని కొనేవాళ్లకు ఒక మాట. కూర్చున్నప్పటికంటే నిలబడితే గంటకు ఖర్చయ్యేది తొమ్మిది కేలరీలు ఎక్కువ, అంతే. మొదటి వారం హుషారుగా నాలుగేసి గంటలు నిలబడితే మడమలు భగ్గుమన్నాయి. మెత్తటి మ్యాట్ వేసుకున్నాక, ఒక్కో విడత అరగంటకి తగ్గించాక కుదుటపడింది. నా నడుంనొప్పి తగ్గింది నిలబడినందుకు కాదనుకుంటాను, గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చోవడం మానినందుకు.

పాడైనవాటి గురించి చెప్పాలి. మొదటి డెస్క్ ఆయన దగ్గరకు వెళ్లిన కొన్నాళ్లకి, ఒకరోజు బల్ల మీద పెట్టిన పెన్ను దానంతటదే దొర్లి కింద పడింది. మళ్లీ పెట్టారు, మళ్లీ దొర్లింది. టేపు పెట్టి కొలిస్తే ఎడమ వైపు ఒక సెంటీమీటరు ఎక్కువ. కింద పడుకుని టార్చి వేసి చూశాం. అడ్డకడ్డీని కాలికి బిగించే చిన్న మర వదులై, కడ్డీ ఒక పక్కకు జరిగింది. మోటార్ తిరుగుతోంది, ఒక కాలు లేస్తోంది, రెండో కాలు ఒక్కోసారి కదలకుండా నిలబడుతోంది. అలెన్ కీతో కడ్డీ ఊడదీసి, రెండు కాళ్లూ సమంగా తెచ్చి మళ్లీ బిగించాం. అరగంట పని. ఒకే మోటార్ ఉన్నదాంట్లో నాకు నచ్చేది ఇదే, ఏం చెడిందో కంటికి కనిపిస్తుంది.

రెండోది అలా కాదు. 14వ నెలలో ఒక ఉదయం బటన్ నొక్కితే ఎర్రర్ చూపించి మొరాయించింది. కరెంటు మధ్యలో పోయినప్పుడు ఇలా అవడం మామూలే. కిందికి బటన్ నొక్కి పట్టుకుంటే పూర్తిగా దిగి, కొద్దిగా ఎగిరి, లెక్క సరిచేసుకుంటుంది. ఈసారి దిగనే లేదు. ప్లగ్ తీసి, కాసేపు ఆగి, మళ్లీ పెట్టాను. ఊహూఁ. కంట్రోల్ బాక్స్ పోయింది. అదీ ఎప్పుడు? బల్ల 98లో ఉండగా. కరెంటు లేకపోయినా బల్ల కూలిపోదు, లోపలి మర దాన్ని పట్టి ఉంచుతుంది. అలాగే దిగదు కూడా. కంపెనీకి ఫోన్ చేస్తే వీడియో పంపమన్నారు, పంపాక బిల్లు పంపమన్నారు, ఆ తర్వాత బాక్స్ మీది లేబుల్ ఫొటో అడిగారు. బాక్స్ వచ్చేసరికి పందొమ్మిది రోజులు. అన్ని రోజులూ నిలబడి పనిచేశాను, కాళ్లు లాగేస్తే వంటింటి గట్టు పక్కన ఉండే పొడవాటి స్టూలు తెచ్చుకుని కూర్చున్నాను. "ఐదేళ్ల వారంటీ" అని పెద్ద అక్షరాల్లో ఉన్నది ఇనుప ఫ్రేముకి. మోటార్‌కీ బాక్స్‌కీ రెండేళ్లే. ఇనుము ఎటూ చెడదు. మీరు చూడాల్సింది ఆ రెండో అంకె.

నా తప్పు వల్ల జరిగింది కూడా ఒకటుంది. మొదట్లో సీపీయూ నేల మీదే ఉంచాను. డెస్క్ లేస్తుంటే వైరు బిగుసుకుని, మానిటర్ వెనక పిన్ను వంగిపోయింది. బల్ల ఎంత కదులుతుందో అంత వదులు ప్రతి వైరుకీ ఉండాలి. ఇప్పుడు ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ను పలక అడుగున బిగించాం, సీపీయూ కూడా బల్ల మీదికే ఎక్కింది. గోడకు వెళ్లేది ఒక్క వైరే. దిగేటప్పుడు కుర్చీ చేతులు అడ్డొస్తే రెండో డెస్క్ ఆగి కొంచెం వెనక్కి లేస్తుంది. మొదటిదానికి ఆ తెలివి లేదు, నొక్కేసి కుర్చీ చెయ్యి విరిచింది.

పలకల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. రెండూ చెక్కపొట్టు అతికించి చేసినవే. మొదటిది రెండు ముక్కలు, ఆ అతుకు సరిగ్గా మౌస్ కిందికి వస్తుంది. ఒకటే పలక ఉన్నది తీసుకోండి. మానిటర్ ఆర్మ్ బిగిస్తే పలక నొక్కుకుపోతుంది, కింద ఇనుప రేకు పెట్టండి. ఇల్లు మారినప్పుడు విప్పి మళ్లీ బిగిస్తే స్క్రూలు పట్టలేదు. రంధ్రాల్లో అగ్గిపుల్లలు, చెక్క జిగురు కుక్కి బిగించాం. అప్పటి నుంచి పక్కకు జరపాలన్నా పలక పట్టుకుని ఎత్తం, ఫ్రేమే పట్టుకుంటాం.

ఇప్పుడు మళ్లీ కొనాల్సి వస్తే నాకైతే రెండోదే కొంటాను, ఆ పందొమ్మిది రోజులు గుర్తుండి కూడా. ఆయనకు మూడంచెలతో పనిలేదు, పాదాలు వెడల్పుగా ఉన్న బరువైన ఫ్రేమ్ కావాలి. అలాంటిది ఇంకా దొరకలేదు. 113లో నిలబడి టైప్ చేయడం మానేశారు, నిలబడితే చదువుకుంటారు, టైప్ చేయాలంటే కూర్చుంటారు. మా అబ్బాయికి మాత్రం రెండూ లిఫ్టులే. రెండు నిమిషాలు నడిస్తే పద్దెనిమిది నిమిషాలు ఆగాలని మోటార్ లేబుల్ మీద రాసి ఉంటుంది, వాడు ఎక్కించీ దించీ వేడెక్కించి ఆపేశాడు. అప్పుడే తెలిసింది నా డెస్క్‌కి చైల్డ్ లాక్ ఉందని, ఆయనదానికి లేదని. అందుకే ఆయన లేచి వెళ్లేటప్పుడు ప్లగ్ పీకి జేబులో వైరు పెట్టుకుని వెళ్తారు.