మా ఊరి చిన్న బడి, పంచాయతీ బడి, పాతపట్నం కాన్వెంటు: మా పిల్లలకి ఏది మేలు?

మా ఊరి బడిలో ఈ ఏడు పదిహేడు మంది పిల్లలున్నారు. ఒకటో తరగతిలో నలుగురు, రెండులో ముగ్గురు, మూడులో ఐదుగురు, నాలుగులో ఇద్దరు, అయిదులో ముగ్గురు. వాళ్ళలో ఇద్దరు నా పిల్లలే. చిన్నది ఒకటి, పెద్దోడు నాలుగు. ఐదు తరగతులకీ కలిపి మేస్టారు ఒక్కరే.

మాది గజపతి జిల్లా గోసాని బ్లాకు, పర్లాకిమిడికి దగ్గర్లో ఉన్న చిన్న తెలుగు ఊరు. 1936లో ఒడిశా విడి రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్రా వైపు, ఉండిపోయింది. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, ఆఫీసుకి వెళ్తే ఒడియా. పిల్లల్ని ఏ బడిలో వేయాలి అన్న మాట వచ్చిందంటే మా వీధిలో మూడు జవాబులు వినిపిస్తాయి. ఉన్న ఊళ్ళో బడి చాలు అనేవాళ్ళు కొందరు. రెండున్నర కిలోమీటర్ల దూరంలో, నూట పది మంది పిల్లలూ నలుగురు టీచర్లూ ఉన్న పంచాయతీ బడికి పంపమనేవాళ్ళు కొందరు. మిగిలినవాళ్ళు పొద్దున్నే పిల్లల్ని తయారుచేసి పాతపట్నం ఇంగ్లీషు మీడియం వ్యాను ఎక్కిస్తున్నారు. నేను బడి కమిటీలో ఉన్నాను. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. అలా నా పేరు గోడ మీదకి ఎక్కింది. పేరు ఎక్కాక లెక్కలు అడగడం మొదలుపెట్టాను.

మొదట కాగితం మీది లెక్క చెప్తాను. ప్రాథమిక బడిలో ముప్పై మంది పిల్లలకి ఒక టీచరు ఉండాలి. మా బడిలో పదిహేడు మందికి ఒకరు. పంచాయతీ బడిలో దాదాపు ఇరవై ఎనిమిది మందికి ఒకరు. ఆ లెక్కన చూస్తే మా బడే మెరుగని మీటింగులో ఒక సారు అన్నారు కూడా. నాకు అది మింగుడు పడలేదు. ఎందుకంటే పొద్దుట బడి దగ్గర నేను చూసేది వేరు.

మేస్టారు రాగానే నల్లబల్లని సుద్దముక్కతో నిలువుగా మూడు భాగాలు చేస్తారు. ఎడమవైపు ఒకటి, రెండు తరగతుల వాళ్ళకి ఒడియా అక్షరాలు. మధ్యలో మూడో తరగతికి కూడికలు. కుడివైపు నాలుగు, అయిదు వాళ్ళకి పాఠంలోని ప్రశ్నలు. చిన్నవాళ్ళ చేత అక్షరాలు దిద్దిస్తుంటే పెద్దవాళ్ళు కుడివైపు రాసింది చూసి రాసుకుంటారు. అటు తిరిగి వాళ్ళకి చెప్తుంటే చిన్నవాళ్ళు పలకలు పక్కన పెట్టి గోళీల మీద పడతారు. ఈలోగా వంటామె వచ్చి "మేస్టారూ, పప్పు అయిపోనాది, ఏటి సెయ్యమంటారు?" అని అడుగుతుంది. ఆ తరవాత ఫోన్లో హాజరు, భోజనం ఫొటో, ఏదో ఒక ఫారం. ఎన్నికలు, జనాభా లెక్కలు, తుపాను సాయం తప్ప టీచర్లకి బయటి పని చెప్పకూడదని చట్టంలోనే ఉంది. కానీ ఆ మూడింట్లో ఒకటి వచ్చినా చాలు, ఒక్క మేస్టారున్న బడి మూతపడినట్టే.

అందుకే నేను నిమిషాల్లో లెక్క వేసుకున్నాను. ఒకటి నుంచి అయిదు దాకా ఏడాదికి 200 రోజులు, 800 గంటలు పాఠం చెప్పాలన్నది చట్టం. అంటే రోజుకి నాలుగు గంటలు. ఒక్క మేస్టారు దాన్ని ఐదు తరగతులకి పంచితే ఒక్కో తరగతికి దక్కేది రోజుకి 48 నిమిషాలు. భాష, లెక్కలు, పరిసరాలు అన్నీ అందులోనే. ఇద్దరుంటే 96 నిమిషాలు. పంచాయతీ బడిలో నలుగురున్నారు కాబట్టి ఒక్కో తరగతికి మూడు గంటల పైన, 192 నిమిషాలు.

ఇదే లెక్కని తిప్పి చూస్తే మరోలా ఉంటుంది. మా మేస్టారి నాలుగు గంటల్ని పదిహేడు మందికి పంచితే ఒక్కో పిల్లకి 14 నిమిషాలు వస్తుంది. పంచాయతీ బడిలో నలుగురి సమయాన్ని నూట పది మందికి పంచితే తొమ్మిది నిమిషాలు కూడా రాదు. ఈ రెండు లెక్కలూ నిజమే. ఎటొచ్చీ ఏ వయసు పిల్లకి ఏది కావాలన్నదే అసలు ప్రశ్న. అక్షరాలు నేర్చుకునే పిల్లకి పక్కన కూర్చుని వేలు పట్టి దిద్దించే మనిషి కావాలి. నాలుగో తరగతి వాడికి భాగహారం మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా చెప్పే మనిషి కావాలి. చిన్న బడిలో మొదటిది దొరుకుతుంది, రెండోది దొరకడం లేదు.

చదువు ఎలా ఉందో చూడడానికి నేను ఒక చిన్న పరీక్ష పెట్టాను. పల్లెల్లో పిల్లలకి చదువు ఎంతవరకు వచ్చిందో చూసే అసర్ సర్వే వాళ్ళు పిల్లల చేతికి రెండో తరగతి పాఠం ఇచ్చి చదవమంటారు, అప్పు తెచ్చుకునే తీసివేత ఒకటి ఇస్తారు. 2024 సర్వేలో దేశం మొత్తం మీద సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు నలుగురిలో ఒక్కరు కూడా లేరు. అలాంటిదే మా అరుగు మీద ముగ్గురు పిల్లలకి ఇచ్చాను. మా పెద్దోడు, పంచాయతీ బడికి వెళ్ళే ఎదురింటి పిల్ల, పాతపట్నం వ్యాను ఎక్కే మా తోటికోడలి కొడుకు. ముగ్గురూ నాలుగో తరగతే.

52లోంచి 27 తియ్యమన్నాను. మావాడు 35 అన్నాడు. పలక చూస్తే అర్థమైంది. కింద ఏడులోంచి పైన రెండుని తీసేశాడు. అప్పు తెచ్చుకోవడం వాడికి ఎవరూ చెప్పలేదని కాదు. చెప్పిన రోజు ఎన్ని నిమిషాలు చెప్పారో, ఆ తరవాత ఎవరైనా వాడి పలక చూశారో లేదో. ఏడాది నుంచి అదే తప్పు చేస్తూ వస్తున్నాడేమో అనుకుంటే నాకు గుండె చివుక్కుమంది. ఎదురింటి పిల్ల 25 అని వెంటనే చెప్పింది. తోటికోడలి కొడుకు కూడా కాగితం మీద 25 వేశాడు, ముత్యాల్లాంటి అంకెలు. కానీ "నీ దగ్గర 52 రూపాయలున్నాయి, 27 పెట్టి పెన్ను కొన్నావు, ఎంత మిగిలింది?" అని తెలుగులో అడిగితే "ప్లస్సా, మైనస్సా పిన్నీ?" అన్నాడు.

చదవడంలో తీరు మారింది. మావాడు రెండో తరగతి ఒడియా పాఠాన్ని గడగడా చదివి, దాని కథ తెలుగులో చెప్పాడు. ఎదురింటి పిల్ల ఇంకా బాగా చదివింది, అర్థం అడిగితే మాత్రం కాస్త తడబడింది. తోటికోడలి కొడుకు తన ఇంగ్లీషు పుస్తకంలో పాఠం చూడకుండా అప్పజెప్పేశాడు. నేను పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటన్నాను. చెప్పలేకపోయాడు. తెలుగు అక్షరాలు సగం వచ్చు, ఒడియా బొత్తిగా రాదు. ఆ బడి పేరు చెప్పను. ఫీజు, వ్యాను, పుస్తకాలు కలిపి ఏడాదికి 30 వేలు దాటింది, వ్యాను చెడిపోయిన పది రోజులూ బడికి వెళ్ళనే లేదు. ముగ్గురు పిల్లలతో బడుల్ని తూచలేమని నాకు తెలుసు. కానీ ఎక్కడ వెతకాలో ఆ అరుగు మీద తెలిసింది.

పాతపట్నం సంగతి ఇక్కడితో తేల్చేస్తాను. ఒడిశా సర్కారు ఉద్యోగాల నోటిఫికేషన్లలో ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలని, మిడిల్ స్కూల్ స్థాయిలోనైనా ఒడియా పాసై ఉండాలని అడుగుతారు. ఇక్కడే ఉండబోయే పిల్లకి ఒడియా లేకుండా చేయడం నాకు ఇష్టం లేదు. ప్రైవేటు బడుల్లో మొదటి తరగతిలో 25 శాతం ఉచిత సీట్లు ఉంటాయి కదా అని కొందరు అంటారు. అవి ఆ చుట్టుపక్కల ఉండే బీద పిల్లల కోసం, గీత దాటి వెళ్ళే మనకోసం కాదు. ఆంధ్రాలో స్థిరపడే ఆలోచన ఉన్నవాళ్ళ లెక్క వేరు, వాళ్ళని నేను తప్పు పట్టను.

ఇక రెండు సర్కారు బడులు. తెలుగు పిల్లలకి ఇక్కడ అసలు చిక్కు భాష. రాజ్యాంగంలో 350ఎ అని ఒక అధికరణం ఉంది, 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషా మైనారిటీల పిల్లలకి ప్రాథమిక దశలో తల్లిభాషలో చదువు చెప్పే ఏర్పాటు రాష్ట్రాలు చేయాలని అందులో ఉంది. మా బడి ఒకప్పుడు తెలుగు బడే. తెలుగు మేస్టారు రిటైరయ్యాక ఆ ఖాళీలో తెలుగు టీచరు రాలేదు. ఇప్పుడున్న మేస్టారు బరంపురం వైపు ఒడియా మనిషి. ఆరేళ్ళుగా మాతో ఉండి తెలుగు నేర్చుకున్నారు. పుస్తకం ఒడియాలో, వివరణ తెలుగులో. మా చిన్నది "మేస్టారూ, నాకు రావట్లేదు" అని ధైర్యంగా అనగలుగుతోంది. పంచాయతీ బడిలో అంతా ఒడియా. ఎదురింటి పిల్ల అక్కడ ఒకటో తరగతిలో చేరినప్పుడు మూడు నెలలు నోరు విప్పలేదని వాళ్ళమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది. గిడుగు రామమూర్తి గారు పంతులుగా ఉన్నది ఈ పర్లాకిమిడిలోనే. ఇక్కడి సవర గిరిజన పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని తాను ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాశారు. ఆ పని జరిగిన చోటే మా పిల్లలు నోరు మూసుకుని కూర్చుంటుంటే నాకు బాధగా ఉంటుంది.

దూరం సంగతి చూస్తే, ఒకటి నుంచి అయిదు తరగతుల బడి కిలోమీటరు లోపు ఉండాలన్నది నియమం. రెండున్నర కిలోమీటర్లు ఆరేళ్ళ పిల్ల నడవలేదు. వానాకాలంలో దారిలోని గెడ్డ (వాగు) పొంగితే పెద్దవాళ్ళమే ఆగిపోతాం. తొమ్మిదేళ్ళవాడు తోడుంటే వెళ్ళగలడు.

ఇంత చిన్న బడిని ఉంచడం దేనికి అనే మాట పైనుంచీ వచ్చింది. 20 మంది లోపు పిల్లలున్న బడుల్ని దగ్గరి పెద్ద బడుల్లో కలపాలని 2020లో ఒడిశా ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2021లో ఒరిస్సా హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2025లో పంచాయతీకొకటి చొప్పున ఒడియా రచయిత గోదాబరీశ్ మిశ్ర పేరుతో ఆదర్శ ప్రాథమిక విద్యాలయాలు పెడతామని ప్రకటన వచ్చింది. తరగతికో టీచరు, మంచి గదులు వస్తాయంటే సంతోషమే. కానీ మా చిన్నపిల్లల బడి మూసి దాన్ని తెరిస్తే గెడ్డ అవతల బడి ఎంత బాగున్నా మా పిల్లలకి అందదు.

పదిహేడు మందికి ఇద్దరు టీచర్లెందుకు అని మా ఊళ్ళోనే అంటుంటారు. వాళ్ళకి నేను చట్టంలోని పట్టిక చూపిస్తాను. అరవై మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు అని రాసి ఉంది. పదిహేడైనా, యాభై ఏడైనా ఇద్దరే. దేశంలో ఒక్క టీచరున్న బడులు ఇప్పటికీ లక్షకు పైనే ఉన్నాయి. టీచరు లేడని పిల్లలు వెళ్ళిపోతారు, పిల్లలు లేరని టీచర్ని ఇవ్వరు. మూడేళ్ళ కిందట మా బడిలో ముప్పై ఒక్కరు ఉండేవారు, ఇద్దరు మేస్టార్లు ఉండేవారు. ఒకరికి బదిలీ అయింది. ఆ ఏడే ఎనిమిది మంది వ్యాను ఎక్కారు.

అందుకని నేను తీసుకున్న నిర్ణయం ఇది. మూడో తరగతి దాకా ఊరి బడే మేలు. నడిచి వెళ్ళేంత దూరం, తెలుగులో అడిగి తెలుసుకునే వీలు, పేరు పెట్టి పిలిచే మేస్టారు, ఆ 14 నిమిషాలు. చిన్నది ఇక్కడే ఉంటుంది. రెండో టీచరు లేనంత కాలం నాలుగు, అయిదు తరగతులకి పంచాయతీ బడే మేలు. వాడికి ఒడియా ఇప్పటికే వచ్చు కాబట్టి అక్కడ నోరు విప్పగలడు. వేసవి సెలవులయ్యాక మా పెద్దోడు ఎదురింటి పిల్లతో కలిసి అక్కడికే వెళ్తాడు. మేస్టారికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయనే అన్నారు, "పంపించండమ్మా, వాడికి నేను న్యాయం చెయ్యలేకపోతున్నాను" అని. ఆ మాట అన్నప్పుడు ఆయన చేతిలో భోజనాల రిజిస్టరు ఉంది, వెనక రెండో తరగతి వాళ్ళు గొడవ చేస్తున్నారు.

రెండో టీచరు కావాలని, తెలుగు వచ్చినవాళ్ళని ఇవ్వాలని కమిటీ తరఫున రాసిన అర్జీ మీద పదకొండు మంది తల్లుల సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. చట్టంలోని పట్టిక జిరాక్సు, 350ఎ జిరాక్సు దానికి జతచేశాం. సోమవారం బ్లాకు విద్యాధికారి ఆఫీసుకి నలుగురం వెళ్తున్నాం. రెండో మేస్టారు వచ్చి మూడు నెలలు నిలకడగా పనిచేశారంటే మా పెద్దోణ్ణి మళ్ళీ ఊరి బడికి తెచ్చేస్తాను.