ఆన్‌లైన్ వీలునామా ప్యాకేజీ కొనేవారికి హెచ్చరిక: ఓటీపీ సంతకం చెల్లదు

ఇంట్లో కూర్చునే, ఆధార్ ఓటీపీతో సంతకం చేసి, అరగంటలో వీలునామా పూర్తి చేసుకోవచ్చని చెప్పే ప్యాకేజీని మేము 2022లో 6,500 రూపాయలు పెట్టి కొన్నాము. నాన్నగారు 2024లో పోయిన తరువాత, అది వీలునామా కానే కాదని తెలిసింది. అదే పొరపాటు ఇంకొకరు చేయకూడదని జరిగినది వివరంగా రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

నాన్నగారు తెనాలిలో ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. జీతం డబ్బుతో కట్టుకున్న ఇల్లు పూర్తిగా అమ్మకే చెందాలని, తన తరువాత దాన్ని ఏం చేయాలో ఆవిడే నిర్ణయించుకోవాలని ఆయన కోరిక. మోకాళ్ళ నొప్పులతో మెట్లు ఎక్కలేకపోవడం వల్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరగలేమని ఆన్‌లైన్ దారి పట్టాము. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 31వ సెక్షన్ కింద తగిన కారణం చూపితే సబ్ రిజిస్ట్రారే ఇంటికి వచ్చి దస్తావేజు స్వీకరించే వీలుందన్న సంగతి అప్పట్లో మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన సంస్థకు చెప్పే అవసరం లేదు కదా!

నాన్నగారు పోయిన రెండు నెలలకు ఆ కాగితాలు పట్టుకుని ప్లీడరు గారి దగ్గరకు వెళ్ళాము. ఆయన ఏడు పేజీలూ తిరగేసి, చివరి పేజీ అడుగున ఉన్న ఆకుపచ్చ టిక్కు గుర్తు మీద బొటనవేలితో రుద్ది చూసి, "ఇది ప్రింటు కదమ్మా, సిరాతో సంతకం చేసిన అసలు ప్రతి ఏదీ?" అని అడిగారు. ఇదే అసలు అని నేను చెప్పిన తరువాత ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. 2000 నాటి సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం మొదటి షెడ్యూలులో ఆ చట్టం వర్తించని పత్రాల జాబితా ఉందని, అందులో వీలునామా కూడా ఉందని, అందువల్ల ఎలక్ట్రానిక్ సంతకం మిగతా ఎన్ని చోట్ల చెల్లినా వీలునామాకు మాత్రం చెల్లదని ఆయన వివరించారు. 1925 భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ కోరేది వేరు: రాసిన వ్యక్తి సంతకం గానీ వేలిముద్ర గానీ వేయాలి, కనీసం ఇద్దరు సాక్షులు ఆయన సంతకం చేయడం చూసి గానీ, అది తన సంతకమేనని ఆయన నోటితో విని గానీ ఆయన ఎదుట తమ సంతకాలు చేయాలి. మా సాక్షులిద్దరూ వేరే ఊళ్ళలో ఉండి, తమ తమ ఫోన్లకు వచ్చిన ఓటీపీలు కొట్టారు. సంస్థ తీసిన వీడియోలో నాన్నగారు ఇల్లు అమ్మకేనని స్పష్టంగానే చెప్పారు, కానీ నోటిమాట వీలునామా యుద్ధంలో ఉన్న సైనికులకూ, సముద్రం మీద ఉన్న నావికులకూ తప్ప మామూలు మనుషులకు చెల్లదట.

వీలునామా లేనట్టే అయింది కనుక 1956 హిందూ వారసత్వ చట్టం అమలులోకి వచ్చింది. ఇల్లు అమ్మకు, నాకు, డల్లాస్‌లో ఉన్న తమ్ముడికి, నాన్నగారి తల్లికి, అంటే మా నాయనమ్మకు, సమానంగా నాలుగు వాటాలైంది. కొడుకు పోయినప్పుడు తల్లి బ్రతికి ఉంటే ఆవిడా మొదటి తరగతి వారసురాలేనన్నది చాలామందికి తెలియదు. మాకూ తెలియదు. నేనూ తమ్ముడూ మా వాటాలు అమ్మకు వదిలేస్తూ హక్కు విడుదల దస్తావేజు రాసి ఇవ్వడానికి సిద్ధమే. నాయనమ్మకు ఎనభై ఎనిమిదేళ్ళు. కొడుకు లేడన్న సంగతి ఆవిడకు ఒకరోజు గుర్తుంటుంది, మరునాడు "వాడు బడి నుంచి ఇంకా రాలేదేం?" అని అడుగుతుంది. ఆ స్థితిలో ఆవిడ వేలిముద్ర తీసుకుంటే రేపు ఎవరైనా కోర్టుకెక్కవచ్చునని ప్లీడరు గారు వద్దన్నారు. తీసుకోకపోతే, ఆవిడ తరువాత ఆ పావు వాటాకు బాబాయి, ఇద్దరు మేనత్తలు, నాన్నగారి పిల్లలుగా మేమూ హక్కుదారులమవుతాము. ఎవరికీ దురుద్దేశం లేదు, అయినా ఇల్లు అలాగే చిక్కుపడి ఉంది.

ఇక ప్రొబేట్ పేరుతో వసూలు చేసిన అదనపు 4,000 రూపాయల సంగతి. ప్రొబేట్ అంటే వీలునామా నిజమైనదని కోర్టు నిర్ధారించి ఇచ్చే ధ్రువీకరణ. అది మనిషి పోయిన తరువాత కోర్టు మాత్రమే ఇస్తుంది, ముందుగా ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా దాన్ని తప్పనిసరి చేసిన పాత నిబంధన (2025లో రద్దయింది) హిందువుల విషయంలో చెన్నై, ముంబై వంటి చోట్ల రాసిన వీలునామాలకు, అక్కడి స్థిరాస్తులకు ఉద్దేశించినదే గానీ, గుంటూరు జిల్లాలోని మా ఇంటికి ఎన్నడూ వర్తించలేదు. వీలునామాలో పేర్కొన్న ఎగ్జిక్యూటర్‌కే, అంటే దాన్ని అమలు చేసే బాధ్యత అప్పగించిన వ్యక్తికే, ప్రొబేట్ ఇస్తారు. ప్రొబేట్ సహాయం అమ్మిన ఆ సంస్థ తయారుచేసిన ముసాయిదాలో ఎగ్జిక్యూటర్ పేరే లేదు!

డబ్బు వెనక్కి అడిగితే, తమది ముసాయిదా తయారీ మాత్రమేనని, న్యాయ సలహా కాదని షరతులలో రాశామని జవాబు వచ్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915లో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాము. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే అక్కడ రుసుము లేదు, కానీ వివాదం తలెత్తిన రెండేళ్ళలోపు వేయాలి.

వీలునామాకు స్టాంపు కాగితం అవసరం లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, తెల్లకాగితం చాలు. అయినా రిజిస్టరు చేయించడమే మేలని నా అభిప్రాయం. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌తో సమానం కాదు. తరువాత కోర్టులో కనీసం ఒక సాక్షి వచ్చి చెప్పవలసి ఉంటుంది కనుక, రాసిన వారికంటే చిన్నవాళ్ళను, ఊళ్ళోనే ఉండేవాళ్ళను, ఆస్తిలో వాటా లేనివాళ్ళను సాక్షులుగా పెట్టుకోండి.

ఇలాంటి ప్యాకేజీని ఇప్పటికే కొని, పెద్దవాళ్ళు ఇంకా ఆరోగ్యంగా ఉన్నవారు కంగారు పడనవసరం లేదు. ఆ ప్రతినే ప్రింటు తీసి, ఒకసారి ప్లీడరుకు చూపించి, ఇద్దరు సాక్షులను ఒకే గదిలో కూర్చోబెట్టి, ప్రతి పేజీ మీదా పెద్దవారి చేత పెన్నుతో సంతకం చేయించి, ఆ వెంటనే వారి ఎదుటే సాక్షుల సంతకాలు తీసుకుని, ఆనాటి తేదీ వేయించండి.