రివెండెల్ 3 నుంచి 4కి సర్వర్ మార్చి ఏడాది పైనే అయింది, మా వైజాగ్ స్టేషన్ అనుభవం

మాది వైజాగ్‌లో ఒక చిన్న కమ్యూనిటీ రేడియో. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్, స్టూడియోలో మూడు మెషీన్లు, ఒకటి ఆన్ ఎయిర్‌కి, ఒకటి రికార్డింగ్ ఎడిటింగ్‌కి, ఒకటి ఆఫీసులో లాగ్‌లు (ఏ రోజు ఏ టైమ్‌కి ఏది వేయాలో చెప్పే జాబితాలు) వేసుకోడానికి. పాటలు, ప్రోగ్రాములు టైమ్ ప్రకారం వాటంతట అవే ప్లే అయ్యే ఆటోమేషన్ మొత్తం రివెండెల్ మీదే, లినక్స్‌లో నడిచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, లైసెన్స్ ఖర్చు లేదు కాబట్టి మాలాంటి వాళ్ళకి పెద్ద ఆసరా. 2024 మేలో వెర్షన్ 3 నుంచి 4కి మారాం, అప్పట్నుంచి రోజూ వాడుతున్నా.

మారాల్సి వచ్చింది ఎందుకంటే మా పాత సర్వర్‌లో ఉన్నది సెంటాస్ 7 అనే లినక్స్, దానికి 2024 జూన్ 30తో సపోర్ట్ అయిపోయింది, సెక్యూరిటీ అప్‌డేట్లు రాని మెషీన్‌ని నెట్‌కి తగిలించి ఉంచడం నాకు ఇష్టం లేదు.

ఎప్పుడు చేయాలన్నది మాకు చాలా పెద్ద విషయం. మా శ్రోతల్లో పెదజాలరిపేట వైపు వాళ్ళు ఎక్కువ, సముద్రం మీద వాతావరణం ఎలా ఉందో వినడానికే చాలామంది రేడియో పెడతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరబోట్లు కదలవు, అందుకే మే నెల అనుకున్నాం. ఇంతకుముందు ఒకసారి అక్టోబర్‌లో, తుఫాన్ల సీజన్‌లో, నడుస్తున్న మెషీన్ మీదే అప్‌డేట్ కొట్టేసాం, పాటల పేర్లు, లాగ్‌లు అన్నీ ఉండే డేటాబేస్ మార్పు మధ్యలో ఆగిపోయి 40 నిమిషాలు గాల్లో ఏమీ లేదు. "ఏటి బాబూ, రేడియో మూగబోయింది, గాలెలాగుందో సెప్పరేటి" అని ఒకావిడ ఫోన్ చేసింది, ఆవిడ కొడుకు బోటు మీద ఉన్నాడట. ఆ ఫోన్ నేనే ఎత్తాను, ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే ఈసారి పాత మెషీన్‌ని ముట్టుకోకూడదని గట్టిగా అనుకున్నాం. కొత్త బాక్స్ తెచ్చి ఉబుంటు 22.04 మీద రివెండెల్ 4 వేసి, పాతదాని డేటాబేస్ డంప్ (డేటా మొత్తం ఒక ఫైల్‌గా తీసింది), ఆడియో ఫోల్డర్ రెండూ కాపీ తెచ్చుకుని, స్కీమా (డేటాబేస్ నిర్మాణం) మార్పు ఆ కాపీ మీదే రన్ చేసాం. ఆడియో మాది దాదాపు 300 జీబీ, పైగా మధ్యలో ఉన్న స్విచ్ పాత 100 ఎంబీపీఎస్‌ది, రాత్రి ఆర్‌సింక్ (ఫైళ్ళు కాపీ చేసే ప్రోగ్రామ్) పెడితే తెల్లారింది. స్విచ్ ముందే మార్చుకోండి. మారే రోజు ఆర్‌సింక్ మళ్ళీ కొడితే కొత్తగా చేరినవి మాత్రమే వస్తాయి, అది నిమిషాల పని.

ఇప్పుడు అసలు సంగతి. కాపీ మీద లైబ్రరీ తెరిచి చూస్తే తెలుగులో టైప్ చేసిన పేర్లన్నీ ప్రశ్న గుర్తులు. జానపదాలు, థింసా పాటలు, మన ఊరి వాళ్ళ ఇంటర్వ్యూలు, వందల కార్ట్‌ల (లైబ్రరీలో ఒక్కో పాట లేదా ప్రోగ్రామ్) పేర్లు, అన్నీ వరుసగా ప్రశ్న గుర్తులే. ఒక రోజంతా కొత్త వెర్షన్‌లోనే తప్పుందనుకుని వెతికాం, తీరా చూస్తే పాత మెషీన్‌లో మేమే ఎప్పుడో డేటాబేస్ క్లయింట్ సెట్టింగ్‌లో లాటిన్1 (ఇంగ్లీషు లాంటి యూరప్ భాషల అక్షరాలే పట్టే పద్ధతి) పెట్టి వదిలేసాం, డంప్ తీసేటప్పుడే తెలుగు అక్షరాలు పోయాయి. ప్రశ్న గుర్తుగా మారిన అక్షరం మళ్ళీ వెనక్కి రాదు, ఆ డంప్ ఒక్కటే ఉంచుకుని పాతది తుడిచేసి ఉంటే పదేళ్ళ పని పోయేది. పాతది బతికే ఉంది కాబట్టి కారెక్టర్ సెట్ యూటీఎఫ్8 (తెలుగు కూడా పట్టే పద్ధతి) అని చెప్పి మళ్ళీ డంప్ తీస్తే అన్నీ శుభ్రంగా వచ్చాయి. మీరు డంప్ తీసాక ఫైల్ సైజు చూసి వదిలేయకండి, దాన్ని తెరిచి ఒక తెలుగు పేరు కోసం వెతకండి.

ఇంకో విషయం, రివెండెల్ ప్రతి మెషీన్ సెట్టింగ్స్‌ని దాని హోస్ట్‌నేమ్ (నెట్‌వర్క్‌లో ఆ మెషీన్ పేరు) కింద దాచుకుంటుంది, కొత్త బాక్స్‌కి వేరే పేరు పెడితే డేటాబేస్ అంతా సరిగ్గానే ఉన్నా ఈ మెషీన్ ఏదో రివెండెల్‌కి తెలీదు. మేము పాత పేరే పెట్టాం, ఒకే పేరుతో రెండు ఉండకూడదు కాబట్టి కాపీ అయ్యాక టెస్టింగ్ అయ్యేదాకా స్టూడియో నెట్‌వర్క్‌లో కలపకుండా విడిగా ఉంచాం. సౌండ్ కార్డు నంబర్ కూడా మారిపోయింది, మానిటర్‌కి వెళ్ళే హెచ్‌డీఎమ్ఐ ముందుకొచ్చి కూర్చుంది, మీటర్లు ఊగుతున్నాయి గానీ కన్సోల్‌కి (స్టూడియో మిక్సర్) సౌండ్ రాలేదు.

వారం రోజులు రెండూ పక్కపక్కనే నడిపాం, పాతది ఎయిర్ మీద, కొత్తది హెడ్‌ఫోన్స్‌లో. రెండో రోజే అర్ధరాత్రి కొత్తదాన్లో లాగ్ లేదు, ఎందుకంటే రేపటి లాగ్ తయారు చేసే పని పాత మెషీన్ క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులు నడిపే లినక్స్ సదుపాయం) ఉంది, అది డేటాబేస్ డంప్‌లో రాదు కదా. ఈ వారం లేకపోయుంటే అది ఎయిర్ మీదే తెలిసేది.

చివరికి మూడు మెషీన్లూ ఒకే రోజు మార్చాలి, ఒక డేటాబేస్ మీద 3 ఒకటి 4 ఒకటి నడవవు. ఆదివారం తెల్లవారుజామున పాతది పాటలు వేస్తుండగానే కొత్తది స్టార్ట్ చేసి, కన్సోల్‌లో ఒక ఫేడర్ (సౌండ్ పెంచే తగ్గించే మీట) దించి ఇంకోటి ఎత్తాం. వినేవాళ్ళకి తేడా తెలీలేదు.

వాడకం సంగతికొస్తే బాగుంది. వాలంటీర్లు తెలుగులోనే వెతికి పాట తీసుకుంటున్నారు. కొత్తగా వచ్చిన పిల్లలకి మాత్రం లాగ్‌లు, క్లాక్‌లు (ఒక గంటలో ఏది ఎప్పుడో), గ్రిడ్‌లు (వారంలో ఏ గంటకి ఏ క్లాకో) అర్థమవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, మాన్యువల్ ఇంగ్లీషులో ఉంది, అందుకని నేనే తెలుగులో నాలుగు పేజీలు రాసి గోడకి అంటించా.

పాత బాక్స్ వెంటనే తీసేయలేదు. ప్రసారం చేసినవన్నీ మూడు నెలలు దాచాలని కమ్యూనిటీ రేడియో నిబంధన, ఆ రికార్డింగులు దాన్లోనే ఉన్నాయి. గడువయ్యాక సెప్టెంబర్‌లో, తెలుగు పేర్లన్నీ కొత్తదాంతో ఇంకోసారి సరిపోల్చి చూసుకుని, అప్పుడు డిస్క్ తుడిచాం.