కోచ్‌లో ఆండలూసియా: పల్లెలకు భేష్, ఊళ్లకు హడావిడి

స్పెయిన్ దక్షిణాన ఉన్న ఆండలూసియా ప్రాంతానికి అత్తయ్యగారితో కలిసి కోచ్ (టూరిస్టు బస్సు) ప్యాకేజీలో వెళ్లొచ్చాం. మాడ్రిడ్ నుంచి దక్షిణానికి వెళ్తుంటే దెస్పెన్యపెర్రోస్ కనుమ దాటాక ఎటు చూసినా ఒలీవ తోటలే. స్పెయిన్‌లో ఒక్క హాయెన్ జిల్లాలోనే ఆరు కోట్లకు పైగా చెట్లున్నాయి. ఎర్రమట్టి గుట్టల మీద గీత గీసినట్టు వరసలు. కారు అద్దెకు తీసుకుంటే ఒకరు ఇదంతా వదిలేసి రోడ్డే చూస్తూ కూర్చోవాలి. ఎత్తైన కోచ్ కిటికీలోంచి చూడటమే సుఖం. పల్లెల వరకు ఈ ప్యాకేజీకి వంక పెట్టను. చిక్కంతా ఊళ్ల దగ్గరే వచ్చింది.

కోర్దోబాకి టూర్ వాళ్లు ఇచ్చింది రెండు గంటలు, అందులోనే భోజనం! అక్కడి మెస్కీతా క్రీ.శ. 785 ప్రాంతంలో మొదలైన మసీదు, తర్వాత రెండు శతాబ్దాల పాటు పెంచుతూ పోయారు. ఇప్పటికీ 850కి పైగా స్తంభాలు, వాటి మీద ఎరుపు తెలుపు చారల జంట కమానులు. నడిమధ్యలో 16వ శతాబ్దంలో కట్టిన కెథెడ్రల్. మసీదు చీకటిలోంచి చర్చి వెలుతురులోకి అడుగు పెట్టి, ఇది బాగుందా, అన్యాయమా అని తేల్చుకోవడానికైనా కాస్త నిలబడాలి కదా. ఈలోపే ఇయర్‌ఫోన్‌లో గైడ్ "పదండి పదండి" అంటోంది. యూదుల పేట సందులు నడిచీ నడవనట్టు దాటేశాం.

గ్రనాడాలో మాత్రం గ్రూపుతో వెళ్లడం కలిసొచ్చింది. అక్కడి ముస్లిం రాజుల కోట అల్‌హంబ్రాలో, నస్రిద్ వంశం కట్టిన రాజభవనాల టికెట్ మీద పేరుతో పాటు లోపలికి వెళ్లాల్సిన సమయం కూడా ఉంటుంది. అది దాటితే పంపరు. సీజన్‌లో టికెట్లు ముందే అయిపోతాయి. ఆ టెన్షన్ అంతా టూర్ వాళ్లదే, మనం పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకుంటే చాలు. పన్నెండు సింహాల ఫౌంటెన్ చూసేటప్పుడు అత్తయ్యగారు మోకాళ్ల సంగతే మర్చిపోయారు.

బస మాత్రం దెబ్బ కొట్టింది. "గ్రనాడా హోటల్" అని బ్రోషర్‌లో రాశారు గానీ అది ఊరవతల రింగురోడ్డు పక్కన. గది శుభ్రం, లిఫ్ట్ ఉంది, చుట్టూ కార్ల షోరూములు తప్ప ఏమీ లేవు. ఎదురుగా ఉన్న పాతపేట అల్బైసిన్ గుట్ట మీంచి రాత్రి దీపాల్లో అల్‌హంబ్రాని చూడటానికి మా ఖర్చుతో టాక్సీ కట్టుకుని వెళ్లాం. పెద్ద బస్సులు ఎలాగూ ఆ సందుల్లోకి ఎక్కలేవు. సెవిల్‌లో హోటల్ నడిమధ్యలోనే దొరికింది. గది అగ్గిపెట్టెంత, అయినా నాకు అదే నచ్చింది. రాత్రి పదింటికి కూడా పిల్లాపాపలతో జనం వీధుల్లో ఉంటే మేం ఊరవతల గదిలో టీవీ చూడటమేంటి! అక్కడి కెథెడ్రల్ గంటల గోపురం హిరాల్దాకి చాలా వరకు మెట్లు ఉండవు, వాలుదారి మీద ఎక్కొచ్చు. మెట్లంటే భయపడే పెద్దవాళ్లు కూడా మెల్లగా ప్రయత్నించొచ్చు.

రోందా అనే కొండ ఊళ్లో 1793లో పూర్తయిన వంతెన, కింద లోయ. గంటన్నర సరిపోయింది.

డ్రైవర్ గురించి ఒక మాట. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆపాలన్నది ఐరోపా చట్టం. బస్సులో కొందరు దీని మీద గొణిగారు. మన ఘాట్ రోడ్ల మీద రాత్రంతా నడిపే డ్రైవర్లను చూసిన నాకు అది ముచ్చటగానే అనిపించింది.

శాకాహారులకు గ్రూపు డిన్నర్లు దండగ. ప్రతిసారీ ఆమ్లెట్ లేదా సలాడ్. చల్లటి టమాటా సూప్ సాల్మొరేహో మీద కూడా గుడ్డు, పంది మాంసం ముక్కలు చల్లుతారు, వద్దని ముందే చెప్పాలి. బయట సొంతంగా తింటే సెవిల్‌లో పాలకూర శనగలు, కోర్దోబాలో చెరకు పాకం పోసిన వంకాయ బజ్జీలు దొరుకుతాయి. ఆ బజ్జీలు అత్తయ్యగారు రెండో ప్లేటు కూడా తెప్పించుకున్నారు. ఈసారి ప్యాకేజీ కొంటే డిన్నర్లు లేనిదే కొంటాం.