వెస్ట్ యెల్లోస్టోన్‌లోని గ్రిజ్లీ కేంద్రం: పార్కుకు ముందే చూడవలసిన చోటు

మోంటానా రాష్ట్రంలో, యెల్లోస్టోన్ జాతీయ పార్కు పశ్చిమ ద్వారానికి అతి చేరువలో ఉన్న గ్రిజ్లీ అండ్ వుల్ఫ్ డిస్కవరీ సెంటర్‌ను కేవలం జంతు ప్రదర్శనశాలగా చూస్తే దాని విలువ సగం కూడా తెలియదు. మనుషుల తిండికి అలవాటు పడి ఇక అడవిలో ఉండలేని గ్రిజ్లీలకు (ఇవి ఒక రకం గోధుమరంగు ఎలుగుబంట్లు), తల్లిని పోగొట్టుకున్న ఎలుగు పిల్లలకు లాభాపేక్ష లేని ఈ సంస్థ ఆశ్రయమిస్తోంది.

నాకు అన్నిటికన్నా నచ్చినది ఇక్కడి డబ్బాల పరీక్ష. కంపెనీలు పంపిన చెత్తడబ్బాల్లో, తిండి చల్లగా ఉంచే పెట్టెల్లో (కూలర్లలో) ఆహారం పెట్టి ఎలుగుల ముందు ఉంచుతారు. అవి పళ్లతో కొరికి, గోళ్లతో మూత అంచులు లాగి, ముందరి కాళ్లు పైన మోపి ఒంటి బరువంతా వేసి కుమ్ముతాయి. అలా 60 నిమిషాలు తట్టుకున్నవాటికే, గ్రిజ్లీల సంరక్షణ కోసం ప్రభుత్వ సంస్థలు కలిసి 1983లో ఏర్పరచిన ఇంటరేజెన్సీ గ్రిజ్లీ బేర్ కమిటీ ధ్రువీకరణకు అర్హత లభిస్తుంది. పార్కుల చుట్టుపక్కల ఊళ్లలో ఎలుగు ప్రాణం చాలావరకు ఇంటి ముందరి చెత్తడబ్బా మూత మీదే ఆధారపడి ఉంటుంది కనుక, గట్టి డబ్బా కొన్న ప్రతి గృహస్థుడూ సంరక్షణలో భాగస్వామి అవుతున్నాడు.

పిల్లల కోసం నడిపే కార్యక్రమంలో, ఎలుగులు బయటికి రాకముందు వారే ఆవరణలోకి వెళ్లి బండల కింద ఆహారం దాస్తారు. తరువాత ఎలుగులు వచ్చి ఆ బండలను అవలీలగా దొర్లించి వెతుక్కుంటాయి. అలాస్కా మినహా అమెరికా ప్రధాన భూభాగంలో 1975లోనే ముప్పున్న జాతుల జాబితాకెక్కిన ఈ జంతువు గురించి పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. యెల్లోస్టోన్‌కు వెళ్లే తెలుగు కుటుంబాలు పార్కులో అడుగుపెట్టే ముందే ఇక్కడ కనీసం ఒక పూట గడపాలని నా సలహా.