స్టాంపు గవర్నర్‌పేటది, ఇంకు జపాన్‌ది

చదివింపుల కవర్లు, రిటర్న్ గిఫ్ట్ సంచులు, పుట్టినరోజు కార్డులు... వీటి మీద రబ్బరు స్టాంపులతో డిజైన్లు వేయడం నాకు ఏళ్ల తరబడి అలవాటు. మొదట ఇంట్లోవాళ్ల కోసం వేసేదాన్ని, తర్వాత తెలిసినవాళ్లూ అడగడం మొదలుపెట్టారు. కొత్తగా ఈ పనిలోకి దిగేవాళ్లు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏ స్టాంపుల సెట్ కొనమంటారు? ఏదీ కొనొద్దంటాను. స్టాంపు మన ఊళ్లోనే చేయించుకోవచ్చు. ఆ మిగిలిన డబ్బు ఇంకుకీ కాగితానికీ పెట్టండి.

ముందు స్టాంపుల సంగతి. ఎర్ర రబ్బరు స్టాంపు అంటే గంధకం కలిపి, అచ్చులో వేడితో ఒత్తి గట్టిపరిచిన రబ్బరు. 1844లో చార్లెస్ గుడ్‌ఇయర్ పేటెంట్ తీసుకున్న వల్కనైజింగే దీనికి మూలం. ధర ఎక్కువ, కానీ వేడికి తట్టుకుంటుంది, ఏ ఇంకు పూసినా పట్టుకుంటుంది. రెండో రకం క్లియర్ స్టాంపు. వెలుతురుతో గట్టిపరిచే ప్లాస్టిక్ లాంటి ఫొటోపాలిమర్‌తో చేస్తారు, అవతలివైపు కనిపిస్తుంది. గాజులా కనిపించే అక్రిలిక్ ప్లాస్టిక్ దిమ్మకి అంటించి వాడుకుని, పని అయ్యాక ఊడదీసి దాచుకోవచ్చు. ముద్ర ఎక్కడ పడుతుందో పైనుంచి చూస్తూ ఒత్తడం దీని పెద్ద సుఖం. కానీ మన విజయవాడ ఎండలకి ఇది అంత మంచి సంబంధం కాదు. వెలుతురు తగిలేచోట ఉంచితే పసుపుపచ్చగా మారి, రానురాను జిగట పుడుతుంది. నావి పడమటి గోడకి ఆనుకున్న బీరువాలో ఉండేవి. మే నెల సాయంత్రాలు ఆ గోడ మీద చెయ్యి పెట్టలేం. అందుకే వాటిని లోపలి గదిలోకి మార్చాను. దుమ్ము పట్టి దిమ్మకి అంటుకోవడం మానేస్తే మాత్రం కంగారుపడక్కర్లేదు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి కడిగి ఆరబెడితే మళ్లీ అంటుకుంటుంది.

ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చే సెట్లలో కొన్ని సిలికాన్‌వి. పైకి క్లియర్ స్టాంపులానే ఉంటాయి. ఇంకు పూస్తే నూనె పళ్లెం మీద నీళ్లలా చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. తెల్ల ఎరేజర్‌తో ముఖం మీద తేలిగ్గా రుద్దితే కొంత నయం, పూర్తిగా మాత్రం కుదరదు.

ఇక మన విజయవాడ గవర్నర్‌పేట. ఆఫీసు సీళ్లు చేసే కొట్టుకి నా చుక్కల ముగ్గు బొమ్మ పట్టుకెళ్లాను. వాళ్లు చేసేదీ ఫొటోపాలిమరే. డిజైన్‌ని కంప్యూటర్లో ఎక్కించి నెగెటివ్ తీస్తారు. దాని మీద చిక్కటి ద్రవం పోసి అల్ట్రావయొలెట్ లైటు కింద పెడతారు. లైటు పడినచోట గట్టిపడుతుంది, మిగిలింది బ్రష్షుతో కడిగేస్తారు. “గీత ఇంత సన్నగా ఉంటే కడిగేటప్పుడు లేచిపోతుందమ్మా, కాస్త లావు చేసుకు రండి” అన్నారు కొట్టాయన. బాల్‌పెన్ను గీతంత లావు చేసి ఇస్తే చక్కగా వచ్చింది. ఒక చిన్న సలహా: చెక్కపిడి వద్దు, షీటు మాత్రమే ఇవ్వమని అడగండి. ఇంటికొచ్చాక డబుల్ సైడ్ టేపుతో అక్రిలిక్ ముక్కకి అంటించుకుంటే ఎక్కడ ఒత్తుతున్నామో కనపడుతుంది. ఇదీ ఫొటోపాలిమరే కాబట్టి ఎండ జాగ్రత్త దీనికీ తప్పదు. పాడైతే మళ్లీ చేయించుకోవచ్చు, అది వేరే సంగతి. పైగా దిగుమతి సెట్లలో గులాబీలూ క్రిస్మస్ చెట్లూ ఉంటాయి గానీ మామిడి తోరణం, అరటి బోదె, మన ముగ్గు ఎక్కడుంటాయి?

ఇంకు దగ్గర మాత్రం నేను రాజీపడను. ఆఫీసు స్టాంప్ ప్యాడ్ ఊదారంగు కాగితంలోకి పాకుతుంది, అంచులు పొగచూరినట్టుంటాయి, తడి చెయ్యి తగిలితే కవరంతా అలుక్కుపోతుంది. రసీదుకి అది చాలు, పెళ్లి కవరుకి చాలదు. నా దగ్గర నిలిచినవి ముఖ్యంగా మూడు ప్యాడ్లు: మెమెంటో, వర్సామార్క్, స్టేజాన్. మూడూ జపాన్‌కి చెందిన సుకినెకో కంపెనీవే. మెమెంటో డై ఇంకు. కాగితంలోకి ఇంకి త్వరగా ఆరుతుంది, దాని నలుపు మీద ఆల్కహాల్ మార్కర్లతో రంగులు నింపినా చెదరదు. ఎండ తగిలేచోట పెడితే డై ఇంకులన్నీ వెలుస్తాయి కాబట్టి ఫ్రేము కట్టించే పనికి పిగ్మెంట్ ఇంకు వాడతాను. అది కాగితం పైనే నిలబడుతుంది, ఆరడానికి చాలాసేపు పడుతుంది, వానాకాలంలో ఇంకా ఆలస్యం. స్టేజాన్ సాల్వెంట్ ఇంకు. గాజు, ప్లాస్టిక్, రేకు దేని మీదైనా పడుతుంది. కానీ క్లియర్ స్టాంపుల మీద మరకలు వదలవు, ప్యాడ్ మూత సరిగా పెట్టకపోతే ఎండిపోతుంది. దాన్ని ఎర్ర రబ్బరుకే ఉంచుకున్నాను.

వర్సామార్క్‌కి రంగు లేదనే చెప్పాలి. చూడ్డానికి తడి మచ్చలా ఉంటుంది, అంతే. దాని పని ఎంబాసింగులో, అంటే ముద్ర మీద పొడి చల్లి వేడికి కరిగించి గీతని ఉబ్బెత్తుగా తేవడంలో తెలుస్తుంది. ఈ మొత్తం కళలో నాకు బాగా ఇష్టమైనది ఇదే, మన ఊళ్లో బాగా విసిగించేదీ ఇదే. ముందు కార్డు మీద కొంచెం టాల్కం పౌడరు అద్ది దులపాలి, లేకపోతే వానాకాలపు చెమ్మకి ఎంబాసింగ్ పొడి అవసరం లేనిచోట కూడా అంటుకుంటుంది. తర్వాత వర్సామార్క్‌తో ముద్ర వేసి, బంగారు పొడి గుమ్మరించి, మిగిలింది మడిచిన కాగితంలోకి దులిపి మళ్లీ సీసాలో పోసుకోవాలి. అక్కడక్కడా మిగిలిన రేణువుల్ని పొడి పెయింటింగ్ బ్రష్షుతో తీసేయాలి. ఇదంతా ఫ్యాన్ ఆపేసి చేయాలి! మే నెలలో, మధ్యాహ్నం, బెజవాడలో. నేను వేసవిలో ఈ పని తెల్లవారుజామునే పెట్టుకుంటాను.

తర్వాత వేడి గాలి ఊదే హీట్ గన్. దాన్ని కొన్ని సెకన్లు పక్కన వేడెక్కనిచ్చి అప్పుడు కార్డు మీదికి తేవాలి. మెరూన్ కార్డు మీద అప్పటిదాకా పసుపు గుండలా గరుకుగా, మెరుపు లేకుండా ఉన్న గీత ఒక మూల తడిసినట్టవుతుంది. ఆ తడి గీత వెంబడే నడుస్తుంది. నడిచినచోటల్లా బంగారం మెరుస్తుంది. అక్కడితో గన్ ముందుకి జరపాలి. ఇంకాసేపు ఉంచితే కరిగింది కాగితంలోకి ఇంకి ఉబ్బు పోతుంది, నూనె మరక మిగులుతుంది. “హెయిర్ డ్రయ్యర్ సరిపోదా అక్కా?” అని చాలామంది అడుగుతారు. సరిపోదు. వేడి చాలదు, గాలి ఎక్కువై పొడి ఎగిరిపోతుంది. హార్డ్‌వేర్ కొట్లో అమ్మే పెద్ద హాట్ ఎయిర్ గన్‌తో కూడా పని జరుగుతుంది గానీ కార్డు మాడ్చకుండా చేయడానికి చెయ్యి తిరగాలి. క్రాఫ్ట్ గన్ 300 వాట్లకి అటూ ఇటూ ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా ఇంట్లో ఇన్వర్టర్ మీద నడుస్తుంది. ఇదొక్కటి చాలు నాకు.

కాగితం విషయంలో పెద్ద రహస్యాలేం లేవు. 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) ఉన్న, నున్నటి, పూత లేని కార్డు తీసుకోండి. మెరిసే ఆర్ట్ పేపరు మీద పిగ్మెంట్ ఇంకు ఎంతకీ ఆరదు. హ్యాండ్‌మేడ్ పేపరు గరుకు, సన్నటి గీతలు తెగిపోతాయి. శుభలేఖలు వేసే ప్రెస్సుల్లో కటింగులో మిగిలిన ముక్కలు అడిగితే కిలోల లెక్కన ఇస్తారు, ట్యాగులకి అవి బంగారం.

ముద్ర సరిగా పడకపోవడానికి సగం కారణం స్టాంపుని ప్యాడ్ మీద గట్టిగా అదమడం. స్టాంపు వెల్లకిలా పెట్టి, ప్యాడ్‌తోనే తేలిగ్గా తడుతూ ఇంకు పెట్టండి. ఒత్తేటప్పుడు అటూ ఇటూ ఊపితే చుట్టూ అంచు మరక వస్తుంది. కార్డు కింద పాత మౌస్‌ప్యాడ్ ఒకటి వేస్తే ముద్ర సమంగా దిగుతుంది.

పెడన కలంకారీ చెక్క అచ్చులు స్టాంపులకి బదులు వాడొచ్చా అని కూడా అడుగుతారు. ఆ టేకు అచ్చులు గుడ్డ కోసం చెక్కినవి. చెక్క వంగదు కాబట్టి కార్డు మీద సగమే పడుతుంది. గుడ్డ సంచుల మీద మాత్రం వాటిని మించింది లేదు. స్పాంజితో ఫ్యాబ్రిక్ పెయింట్ పట్టించి, కింద దుప్పటి మడతలు పరిచి కొట్టాలి. అచ్చుని వెంటనే కడిగేయాలి, ఎండిన పెయింట్ గాడుల్లోంచి రాదు.

పేర్లు వేయడానికి నేను ఎరేజర్లే చెక్కుకుంటాను. ట్రేసింగ్ పేపరు మీద పెన్సిల్‌తో “శుభం” రాసి, బోర్లించి గోరుతో రుద్దితే అక్షరం ఎరేజర్ మీదికి తిరగబడి దిగుతుంది, ముద్ర సరిగా వస్తుంది. మన అక్షరాలన్నీ గుండ్రాలే కాబట్టి చాకు కదపకుండా ఎరేజర్నే తిప్పుతూ చెక్కాలి. అక్షరం పక్క గోడ కిందికి పోయేకొద్దీ బయటికి వాలేలా కోయాలి. లోపలికి కోస్తే ఒత్తినప్పుడు గీత పక్కకి ఒరిగిపోతుంది. “భ”కి కింద ఉండే ఒత్తు గీత అందుకే ముందు విరుగుతుంది, దాన్ని కొంచెం లావుగా ఉంచుకోండి. చెక్కిన తెల్ల ఎరేజర్లని క్లియర్ స్టాంపుల పక్కన, ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టకండి. వినైల్ ఎరేజర్‌లోని నూనెలాంటి రసాయనం ప్లాస్టిక్‌ని మెత్తబరిచి రెండూ అతుక్కుపోతాయి. బటర్ పేపర్లో చుట్టి రేకు డబ్బాలో వేస్తే ఏ ఇబ్బందీ ఉండదు.